యజమాని లేని పండుగ: తూర్పు ఆసియా కుర్రకారుకు హాలోవీన్ అంటే ఏమిటి?

పదేళ్ల క్రితం అక్టోబరు 31 రాత్రి టోక్యోలోని షిబుయా కూడలికి వెళ్తే దెయ్యాల కంటే మారియో టోపీలే ఎక్కువ కనిపించేవి. పోలీసు డ్రెస్సులు, నర్సు గౌన్లు, కార్టూన్ పాత్రలు, నలుగురైదుగురు స్నేహితులు కలిసి వేసుకున్న ఒకే రకం వేషాలు. గుమ్మాల్లో చెక్కిన గుమ్మడికాయ దీపాలు లేవు. ఇంటింటికీ తిరిగి మిఠాయిలడిగే పిల్లలు లేరు. ఎవరింటికీ ఎవరూ వెళ్లరు, అందరూ వీధిలోనే ఉంటారు. అమెరికాలో హాలోవీన్ చూసిన వాళ్లు ఇక్కడ దాని ఆనవాళ్లు వెతుక్కోవాల్సిందే.

అయినా జపాన్, దక్షిణ కొరియా, చైనా, హాంకాంగ్ నగరాల్లో కాలేజీ వయసు వాళ్లూ, కొత్తగా ఉద్యోగాల్లో చేరిన వాళ్లూ ఈ రాత్రిని తమదిగా చేసుకున్నారు. అది 2022లో సియోల్‌లోని ఇటావాన్ ప్రాంతంలో 159 మంది ప్రాణాలు తీసిన రాత్రి. షిబుయా మేయరు ప్రపంచ మీడియా ముందుకొచ్చి మా దగ్గరికి రావద్దని వేడుకున్న రాత్రి. షాంఘైలో వేషం వేసుకున్న పిల్లలను పోలీసులు వీధిలోంచి పట్టుకెళ్లిన రాత్రి. ఒక్క పిల్లల పండుగ చుట్టూ ఇంత ఎందుకు జరిగింది?

పాశ్చాత్య మోజు అని ఒక్క మాటలో తేల్చేసేవాళ్లు అక్కడా ఉన్నారు, ఇక్కడా ఉన్నారు. అంతే అయితే ఈస్టర్ వీధుల్లోకి ఎందుకు రాలేదు? థాంక్స్‌గివింగ్‌ను ఎవరూ ఎందుకు పట్టించుకోలేదు? నాకు అర్థమైనంతలో ఈ పండుగ బలమంతా ఒక్క లక్షణంలో ఉంది. దీనికి యజమాని లేడు. గుడి లేదు, పూజారి లేడు, కుటుంబ పెద్ద లేడు, ప్రభుత్వం ఇచ్చే సెలవు లేదు, ఆహ్వాన పత్రిక లేదు, నిర్వాహక కమిటీ లేదు. కుర్రవాళ్లను ఆకర్షించింది అదే. ప్రాణాలు తీసిందీ అదే. ప్రభుత్వాలు భయపడుతున్నదీ దానికే.

దెయ్యాలకు వేరే నెల ఉంది

తూర్పు ఆసియాలో చనిపోయినవారి కోసం రోజులకు కొదవ లేదు. జపాన్‌లో ఓబోన్ ఉంది. చాలా ప్రాంతాల్లో ఆగస్టు మధ్యలో చేస్తారు. పూర్వీకుల ఆత్మలు ఇంటికి వస్తాయని దీపాలు వెలిగిస్తారు, సమాధులు శుభ్రం చేస్తారు, బోన్ ఒదోరి నృత్యాలు చేస్తారు, చివరి రోజు ఆత్మలను సాగనంపుతారు. అందుకే జపాన్‌లో దెయ్యం కథలకు సీజను వేసవి. టీవీలో భయం కార్యక్రమాలు, తిరునాళ్లలో దెయ్యాల కొంపలు జూలై, ఆగస్టుల్లోనే వస్తాయి. వెన్నులో పుట్టే వణుకు ఉక్కపోతను తగ్గిస్తుందని పాతకాలం నుంచీ ఒక నమ్మకం. చైనా, తైవాన్, హాంకాంగ్‌లలో చాంద్రమాన ఏడో నెలంతా ఆకలిగొన్న ఆత్మల నెల. వీధుల్లో కాగితపు డబ్బు కాలుస్తారు, బల్లల మీద ఆహారం పెడతారు. ఏప్రిల్‌లో ఛింగ్‌మింగ్ వస్తే సమాధుల దగ్గరికి వెళ్తారు. కొరియాలో ఛుసోక్ పండుగ నాడు పితృదేవతలకు భోజనం పెట్టి మొక్కుతారు. మహాలయ అమావాస్యకు తర్పణాలు వదిలే మనకు ఇందులో ఏదీ వింతగా అనిపించదు.

పుట్టిన చోట హాలోవీన్ కూడా మృతుల ఆత్మలతో ముడిపడిన రాత్రే. కానీ అది తూర్పు ఆసియాకు వచ్చేసరికి మృతుల స్థానం భర్తీ అయిపోయింది. ఆ పనికి ఇంకో పండుగ అవసరం అక్కడ ఎవరికీ లేదు. అందుకే సముద్రం దాటి వచ్చేటప్పుడు హాలోవీన్ తన భయాన్నీ భక్తినీ వదిలేసి, వేషాన్ని మాత్రం తెచ్చుకుంది.

ఇంకో సంగతి కూడా ఉంది. ఈ పాత పండుగలన్నీ కుటుంబానివి. ఛుసోక్‌కు కొరియాలో హైవేలు నిండిపోతాయి, రైలు టిక్కెట్లు దొరకవు, అందరూ సొంతూరు చేరతారు. చేరాక పెళ్లెప్పుడు, ఉద్యోగం ఏమైంది, జీతమెంత అని బంధువుల ప్రశ్నలు. చైనాలో వసంత పండుగ, అంటే చాంద్రమాన కొత్త సంవత్సరం కూడా ఇలాంటిదే. ఎక్కడ కూర్చోవాలో, ఎవరికి ముందు వంగి నమస్కరించాలో, ఏం తినాలో వయసును బట్టి ముందే నిర్ణయమై ఉంటుంది. ఇరవై ఏళ్ల వాళ్లు తమ ఈడు వాళ్లతో కలిసి చేసుకోవడానికి సంవత్సరం మొత్తంలో ఒక్క పండుగ కూడా లేదు. క్రిస్మస్‌ను జపాన్, కొరియాల్లో ప్రేమ జంటలు తీసేసుకున్నాయి. జంట లేని వాళ్లకు ఆ రాత్రి ఇంకా ఒంటరిది. హాలోవీన్ ఈ ఖాళీలోకి వచ్చింది. జంట అక్కర్లేదు, కుటుంబం అక్కర్లేదు, స్నేహితులుంటే చాలు. వాళ్లూ లేకపోతే వేషమే పరిచయం చేస్తుంది.

తెచ్చినవాళ్లు ఎవరు?

మొదట దుకాణాలు. టోక్యోలో హరజుకులోని కిడ్డీలాండ్ అనే బొమ్మల దుకాణం 1970లలోనే హాలోవీన్ సరుకు అమ్మింది, 1983లో ఊరేగింపు కూడా పెట్టింది. అప్పట్లో అది విదేశీయుల, పిల్లల వేడుకగానే మిగిలింది. 1997లో టోక్యో పక్కనే ఉన్న కవాసాకి నగరంలో ఒక సినిమా, షాపింగు సముదాయం పెద్దల వేషాల ఊరేగింపు మొదలుపెట్టింది. అది పెరిగి పెరిగి, వేల మంది వేషగాళ్లు నడుస్తుంటే లక్ష మందికి పైగా చూసే జాతర అయింది. డిస్నీలాండ్, ఒసాకాలోని యూనివర్సల్ స్టూడియోస్ శరదృతువు టిక్కెట్లకు ఇది మంచి అవకాశమని పట్టుకున్నాయి. ఓబోన్‌కీ క్రిస్మస్‌కీ మధ్య వ్యాపారులకు మరో పెద్ద సందర్భం లేదు. ఆ ఖాళీని నారింజ రంగు నింపింది.

కొరియా, తైవాన్‌లలో దారి వేరు. అక్కడ హాలోవీన్ ఇంగ్లిషు పాఠంగా వచ్చింది. ఇంగ్లిషు మీడియం కిండర్‌గార్టెన్లు, ట్యూషన్ సెంటర్లు అక్టోబరు చివర్లో పిల్లలకు వేషాలు వేయించి, మిఠాయి అడగడం ఒక సంభాషణ పాఠంగా నేర్పాయి. తైపేలో అంతర్జాతీయ పాఠశాలలున్న తియన్‌ము ప్రాంతంలో ఇప్పటికీ పిల్లలు అంగడి అంగడికీ తిరిగి మిఠాయిలు పోగుచేస్తారు. 2000ల్లో ఇలా వేషం వేసుకున్న కొరియా పిల్లలే 2022 నాటికి ఇరవై ఏళ్ల వాళ్లయ్యారు. వాళ్లకు ఇది అరువు పండుగ కాదు, చిన్ననాటి జ్ఞాపకం. 'మనది కాని పండుగకు ఎందుకు వెళ్లారు' అని ఇటావాన్ మృతుల మీద నోరు పారేసుకున్న పెద్దలకు ఈ సంగతి తెలిసినట్టు లేదు. ఆ పండుగను ఆ పిల్లలకు డబ్బు కట్టి నేర్పించింది వాళ్ల తరమే.

షిబుయా: ఒక్క రాత్రికి సడలిన నియమం

జపాన్‌లో వేషాలు కొత్త కాదు. 1975లో మొదలైన కామికెట్ అనే అభిమానుల సంతకు కాస్ప్లే చేసేవాళ్లు, అంటే కార్టూన్, సినిమా పాత్రల వేషాలు కట్టేవాళ్లు వేలల్లో వస్తారు. కానీ ఆ లోకానికి గట్టి కట్టుబాట్లు ఉన్నాయి. ఇంటి నుంచి వేషంతో బయల్దేరకూడదు. సంత జరిగేచోటే మార్చుకోవాలి, అక్కడే విప్పేయాలి. వేషంతో రైలెక్కి మామూలు జనాన్ని ఇబ్బంది పెట్టకూడదు. జపాన్‌లో నలుగురికీ అసౌకర్యం కలిగించకపోవడం పిల్లలకు బడిలో నేర్పే మొదటి మర్యాద.

హాలోవీన్ ఆ కట్టుబాటును ఒక్క రాత్రికి ఎత్తేసింది. కాస్ప్లేతో సంబంధం లేని మామూలు అమ్మాయిలు, అబ్బాయిలు డాన్ కిహోతే దుకాణంలో చవక డ్రెస్సు కొనుక్కుని, స్టేషను బాత్రూములో ముఖానికి రంగులు పూసుకుని షిబుయా రోడ్డు మీదికి వచ్చేశారు. 2010ల మొదట్లో సోషల్ మీడియా ఊపందుకున్న ఏళ్లవి. ఒకరి ఫొటో చూసి మరుసటి ఏడాది పదిమంది. షిబుయా కూడలికి అప్పటికే ఒక అలవాటు ఉంది. ప్రపంచ కప్ ఫుట్‌బాల్ గెలుపులకు, నూతన సంవత్సరానికి జనం పిలవకుండానే అక్కడ పోగవుతారు. 2013లో అక్కడ ఒక పోలీసు అధికారి మైకులో చమత్కారంగా మాట్లాడుతూ గుంపును దారిలో పెట్టినందుకు 'డీజే పోలీసు' అని దేశమంతా మెచ్చుకుంది. ఆ తర్వాత హాలోవీన్ రాత్రుల్లోనూ అదే పద్ధతి కొన్నాళ్లు నడిచింది. మర్నాడు పొద్దున చెత్త ఎత్తడానికి స్వచ్ఛందంగా వచ్చే కుర్రవాళ్లూ ఉండేవారు. గుమ్మడికాయ బొమ్మ వేసిన నారింజ రంగు చెత్త సంచులు పంచారు.

2018తో ఆ సర్దుబాటు చెడింది. అక్టోబరు 31కి ముందు శనివారం రాత్రి తాగి ఉన్న గుంపు ఒకటి సెంటర్‌గాయ్ వీధిలో చిన్న ట్రక్కును పక్కకు పడదోసింది. ఆ వీడియో దేశమంతా చూసింది. పోలీసులు వందల నిఘా కెమెరాల దృశ్యాలు జల్లెడపట్టి వారాల తర్వాత నిందితుల ఇళ్లు తట్టారు. 2019 జూన్‌లో షిబుయా వార్డు హాలోవీన్ రోజుల్లో వీధి మద్యపానాన్ని నిషేధిస్తూ నిబంధన తెచ్చింది. 2023 అక్టోబరులో మేయరు కెన్ హసెబే విదేశీ విలేఖరుల ముందు, హాలోవీన్ కోసం షిబుయాకు రాకండి అని నేరుగా చెప్పారు. ఆ ఏడాది హచికో కుక్క విగ్రహం చుట్టూ కూడా అడ్డు కట్టారు. 2024 అక్టోబరు నుంచి సాయంత్రం 6 నుంచి తెల్లవారుజాము 5 వరకు వీధిలో తాగడాన్ని ఏడాది పొడవునా నిషేధించారు. జనం బాగా తగ్గారు. వచ్చినవాళ్లలో విదేశీ పర్యాటకులు, వాళ్లను చూడటానికి వచ్చినవాళ్లు, కాపలా కాసే సిబ్బంది ఎక్కువ.

మేయరు భయంలో నిజాయితీ ఉంది. ఇటావాన్ జరిగిన మరుసటి ఏడాది అది. షిబుయాలోనూ ఇరుకు వాలు వీధులున్నాయి. నేను ఆయన్ని తప్పుపట్టను. కానీ 'రాకండి' అన్న మాట జనాన్ని పక్క వార్డుకు పంపుతుంది, ఇంకేమీ చేయదు. పక్కనే ఉన్న షింజుకు కూడా 2024లో హాలోవీన్ రాత్రికి తాగుడు నిషేధం పెట్టుకోవాల్సి వచ్చింది.

టోక్యోలోనే ఇంకో దారి తొక్కిన చోటు ఇకెబుకురో. అక్కడ 2014 నుంచి హాలోవీన్‌కు కాస్ప్లే ఉత్సవం జరుగుతోంది. స్థానిక ప్రభుత్వం కలిసి వచ్చింది. వాహనాలు ఆపుతారు, బట్టలు మార్చుకునే గదులు పెడతారు, రుసుం కట్టినవాళ్లకు గుర్తింపు ఇస్తారు, ఫొటోలు తీసుకోవడానికి స్థలం కేటాయిస్తారు. అక్కడ వేషాలు షిబుయా కంటే ఎంతో శ్రద్ధగా కుట్టినవి. నిర్వాహకుడు ఉంటే వేడుక చప్పబడుతుందని అనుకోవాల్సిన పనిలేదని ఇకెబుకురో చూపించింది.

షిబుయా గోల నచ్చనివాళ్లు పెట్టుకున్న మరో వేడుక నాకు అన్నిటికంటే ఇష్టం. 2014లో డైలీ పోర్టల్ జెడ్ అనే వెబ్‌సైట్ వాళ్లు 'జిమి హాలోవీన్' మొదలుపెట్టారు. 'జిమి' అంటే ఆడంబరం లేనిది. ఇక్కడ రాక్షసుడు, రాకుమారి కుదరరు. రోజూ కళ్ల ముందు తిరిగే మనిషి వేషం వేయాలి, అదీ ఒక క్షణంలో దొరికిపోయిన మనిషి. మీటింగులో మెడలోని ఐడీ కార్డు తిరగబడిపోయిన ఉద్యోగి లాంటి పాత్రలన్నమాట. చేతిలో ఒక అట్టముక్క మీద తానెవరో రాసుకుంటారు. అది చదవగానే చూసేవాళ్లు పగలబడి నవ్వుతారు, ఎందుకంటే అలాంటి వాణ్ణి ఆ వారమే ఎక్కడో చూసి ఉంటారు. ఖర్చు లేదు, రంగు లేదు, మనిషిని గమనించే చూపు మాత్రం కావాలి. అమెరికా నుంచి వచ్చిన పండుగను జపాన్ పూర్తిగా తన సొంతం చేసుకున్న క్షణం ఇదేనని నాకనిపిస్తుంది.

ఇటావాన్: ఎవరి బాధ్యతా కాని వీధి

సియోల్‌లో యోంగ్సాన్ వార్డు నడిబొడ్డున దశాబ్దాల పాటు అమెరికా సైనిక స్థావరం ఉండేది. దాని ప్రధాన కేంద్రం 2018లో ప్యోంగ్‌తెక్‌కు తరలిపోయింది. ఆ స్థావరం పక్కనే పెరిగిన ప్రాంతం ఇటావాన్. విదేశీ తిండి, రకరకాల భాషలు, మసీదు, బార్లు. మామూలు కొరియా వీధిలో నలుగురి చూపులూ తమ మీదే పడతాయనుకునే కుర్రవాళ్లకు ఇక్కడ ఊపిరి పీల్చుకున్నట్టు ఉండేది. హాలోవీన్ అక్కడ స్థిరపడటంలో ఆశ్చర్యం లేదు.

2022 అక్టోబరు 29, హాలోవీన్‌కు ముందు శనివారం. కోవిడ్ ఆంక్షలు ఎత్తేశాక, మాస్కు లేకుండా బయట తిరగగలిగిన మొదటి హాలోవీన్ అది. లక్ష మందికి పైగా వచ్చారు. హామిల్టన్ హోటల్ పక్కన, ఇటావాన్ స్టేషను ఒకటో ఎగ్జిట్ నుంచి పైనున్న బార్ల వీధికి ఎక్కే సందు ఒకటుంది. పొడవు 40 మీటర్లు పైచిలుకు. ఇరుకైన చోట వెడల్పు 3.2 మీటర్లు. వాలు. ఒకవైపు గోడ. స్టేషను నుంచి పైకి ఎక్కేవాళ్లూ, పై వీధి నుంచి కిందికి దిగేవాళ్లూ అందులోనే ఎదురుపడ్డారు.

ఇక్కడ ఒక విషయం వివరంగా చెప్పాలి. ఇలాంటి ఘటనల్లో జనం ఒకరినొకరు తొక్కుకుంటూ పరుగెత్తి చనిపోయారని చాలామంది అనుకుంటారు. పత్రికలూ అలాగే రాస్తాయి. పరుగెత్తడానికి చోటుంటే ఇంతమంది చనిపోరు. చదరపు మీటరుకు నలుగురైదుగురు దాటితే మన అడుగు మన చేతిలో ఉండదు. ఆరేడుగురు దాటితే గుంపు ఒక ద్రవంలా ఊగడం మొదలవుతుంది. వెనకెక్కడో పుట్టిన ఒక చిన్న నెట్టుడు అలలా పాకి ముందువాళ్ల మీద టన్నుల బరువుగా పడుతుంది. ఛాతీ ఉబ్బడానికి చోటుండదు. గాలి బయటికి పోతుంది, లోపలికి రాదు. చాలామంది నిలబడే ఊపిరాడక చనిపోతారు. ఇటావాన్ సందులో సాంద్రత కొన్నిచోట్ల చదరపు మీటరుకు పదిమంది దాకా చేరిందని దర్యాప్తులో తేలింది. ఆ స్థితిలో ఎవరి ప్రవర్తనా ఎవరినీ కాపాడదు. అందుకే 'కుర్రకారు అదుపు తప్పింది' అన్న మాట శాస్త్రానికి నిలవదు, న్యాయానికి అసలే నిలవదు.

మొత్తం 159 మంది. ఎక్కువమంది ఇరవైల్లో ఉన్నవాళ్లు, మూడింట రెండు వంతుల దాకా అమ్మాయిలు. 26 మంది విదేశీయులు. 159వ పేరు ఆ రాత్రి ప్రాణాలతో బయటపడి, ఆ భారం మోయలేక వారాల తర్వాత తనువు చాలించిన ఒక పిల్లవాడిది.

ముందే హెచ్చరించినవాళ్లు ఉన్నారు. సాయంత్రం 6:34కే ఒక మహిళ పోలీసుల 112 నంబరుకు ఫోను చేసి ఆ సందు పేరు పెట్టి చెప్పింది. జనం నలిగి చనిపోయేలా ఉన్నారు, ఎవరైనా వచ్చి అదుపు చేయాలంది. ఆమె తర్వాత రాత్రి 10:11 వరకు మరో పది కాల్స్ వెళ్లాయి. ఆ రోజు అక్కడికి పంపిన 137 మంది పోలీసుల దృష్టి ప్రధానంగా మాదకద్రవ్యాలు, నేరాల మీద ఉంది, గుంపు నడక మీద లేదు. రైళ్లు ఆ స్టేషనులో ఆగుతూనే ఉన్నాయి, ప్రతి రైలూ మరికొందరిని దింపుతూనే ఉంది.

రెండు వారాల ముందు, అక్టోబరు 15, 16 తేదీల్లో, అదే ఇటావాన్‌లో గ్లోబల్ విలేజ్ ఫెస్టివల్ జరిగింది. లక్షల జనం వచ్చారు. పెద్ద రోడ్డులో వాహనాలు ఆపి మనుషులకు వదిలేశారు. ఏమీ కాలేదు. దానికి నిర్వాహకులున్నారు, భద్రతా ప్రణాళిక ఉంది. హాలోవీన్‌కు నిర్వాహకుడు లేడు కాబట్టి ప్రణాళిక కూడా లేదు. దుర్ఘటన తర్వాత యోంగ్సాన్ వార్డు మేయరు హాలోవీన్ అనేది పండుగ కాదు, ఒక దృగ్విషయం అన్నట్టు మాట్లాడారు. ఆ మాట విని కొరియా మండిపడింది. కానీ ప్రభుత్వ యంత్రాంగం ఆలోచించిన తీరు అక్షరాలా అదే. అర్జీ పెట్టుకున్న గుంపు వాళ్లకు కనిపిస్తుంది, అర్జీ లేనిది కనిపించదు. 2024 సెప్టెంబరులో కింది కోర్టు అప్పటి యోంగ్సాన్ పోలీసు అధిపతికి మూడేళ్ల శిక్ష వేసింది. వార్డు మేయరును మాత్రం నిర్దోషిగా వదిలేసింది. గుంపును ఆపే, చెదరగొట్టే అధికారం వార్డుకు చట్టంలో స్పష్టంగా లేదన్నది కోర్టు చూపిన కారణాల్లో ఒకటి.

మృతుల తల్లిదండ్రులు ఈ ఖాళీని వదిలిపెట్టలేదు. సియోల్ సిటీ హాలు ముందు గుడారంలో ఫొటోలు పెట్టుకుని నెలల తరబడి కూర్చున్నారు, రోడ్ల మీద సాష్టాంగపడుతూ ఊరేగింపులు చేశారు. స్వతంత్ర దర్యాప్తు కోసం తెచ్చిన చట్టాన్ని 2024 జనవరిలో అధ్యక్షుడు తిరస్కరించినా, మేలో సవరణలతో అది నెగ్గింది. విపత్తుల చట్టాన్ని కూడా మార్చి, నిర్వాహకుడు లేని గుంపుల భద్రత స్థానిక ప్రభుత్వానిదే అని రాశారు. ఈ మొత్తం కథలో నాకు అన్నిటికంటే ముఖ్యమైన వాక్యం అదే. 2025 అక్టోబరు 29 ఉదయం 10:29కి సియోల్ అంతటా సైరన్ మోగించారు. ప్రభుత్వం, కుటుంబాలు కలిసి జరుపుకున్న మొదటి సంస్మరణ అది.

షాంఘై: వేషం మాట్లాడినప్పుడు

చైనాలో హాలోవీన్ చాలాకాలం బార్లకు, థీమ్ పార్కులకు పరిమితమైన సరదా. 2014లో బీజింగ్ పోలీసులు మెట్రోలో హాలోవీన్ వేషాలు వేయవద్దని, జనం బెదిరి గందరగోళమవుతుందని హెచ్చరించారు. అంతకు మించి ఎవరూ పట్టించుకోలేదు.

2023 అక్టోబరు చివర షాంఘై జూలూ రోడ్డులో జరిగింది వేరు. కోవిడ్ పేరుతో 2022 వసంతంలో జనాన్ని రెండు నెలలు ఇళ్లలో బంధించిన నగరం అది. ఆ ఏడాది నవంబరులో అక్కడికి నడిచి వెళ్లగలిగేంత దూరంలోని ఉరుమ్‌చి రోడ్డులో కుర్రవాళ్లు ఏమీ రాయని తెల్ల కాగితాలు పట్టుకుని కోవిడ్ ఆంక్షల మీద నిరసన తెలిపారు. 2023 జూన్‌లో 16 నుంచి 24 ఏళ్ల వాళ్లలో నిరుద్యోగం 21.3 శాతమని ప్రభుత్వమే ప్రకటించి, ఆగస్టు నుంచి కొన్ని నెలలు ఆ అంకె చెప్పడమే మానేసింది. ఇదంతా మనసులో పెట్టుకున్న పిల్లలు వేషాలు వేసుకుని వచ్చారు. ఒకరు కోవిడ్ కాలంలో ముక్కులో పుల్ల పెట్టిన తెల్ల దుస్తుల సిబ్బంది. ఒకరు సమాజాన్ని ఎండగట్టిన పాతతరం రచయిత లు షున్. ఒకరు నిఘా కెమెరా. ఒకరు ఒళ్లంతా ఖాళీ తెల్ల కాగితాలు అంటించుకున్న అమ్మాయి. నేలచూపులు చూస్తున్న షేర్ మార్కెట్టును ఒంటి మీద వేసుకున్నవాళ్లు, అంతఃపుర సీరియళ్ల రాణులు, అలసిపోయిన ఆఫీసు ఉద్యోగులు.

మన ఊళ్లలో పగటివేషగాళ్లు ఏం చేసేవారో గుర్తున్నవాళ్లకు ఇది వెంటనే అర్థమవుతుంది. మామూలుగా నోరెత్తలేని వాళ్ల ముందే వాళ్ల వేషం కట్టి నవ్వించేవారు. వేషం వేసుకున్నవాడి మాట మీద ఊరికి కోపం వచ్చేది కాదు. షాంఘైలో ఆ రాత్రి నినాదం లేదు, బ్యానరు లేదు. వేషమే అంతా చెప్పింది.

చెప్పిందని అధికారులకూ అర్థమైంది. 2024లో హాలోవీన్‌కు ముందు వారాంతం నాటికే జూలూ రోడ్డులో కంచెలు, వరసలుగా పోలీసులు. వేషం వేసుకున్నవాళ్లను పట్టుకుని బస్సుల్లో ఎక్కించారు, ఝోంగ్‌షాన్ పార్కు నుంచి పంపేశారు. సూపర్ హీరో వేషంలో ఉన్న కుర్రాడిని పోలీసులు నడిపించుకుపోతున్న ఫొటోలు బయటికొచ్చాయి.

ఇది రాజకీయ వేషాల మీద కోపం మాత్రమే అనుకుంటే పొరపాటు. ఆ తర్వాత కొద్దిరోజులకే హెనాన్ రాష్ట్రంలో ఝెంగ్‌జౌ విద్యార్థులు రాత్రిపూట అద్దె సైకిళ్ల మీద యాభై కిలోమీటర్ల దూరంలోని కైఫెంగ్‌కు సూప్ డంప్లింగ్స్ తినడానికి బారులు తీరారు. నవంబరు 8 రాత్రి లక్షకు పైగా వచ్చారంటారు. రోడ్లు నిండిపోయాయి. మొదట ఆ కుర్రతనాన్ని మెచ్చుకున్న యంత్రాంగమే వెంటనే సైకిళ్లకు తాళాలు వేయించింది, కాలేజీ గేట్లు బిగించింది. ఆ పిల్లలు ఎవరినీ ఏమీ అడగలేదు. ఎవరి పిలుపూ లేకుండా అంతమంది ఒకచోటికి రాగలగడమే ప్రభుత్వాన్ని కలవరపెట్టింది.

హాంకాంగ్ ముందే నేర్చుకున్న పాఠం

లాన్ క్వాయ్ ఫోంగ్ కూడా ఇటావాన్ లాంటిదే. బార్లు, ఏటవాలు వీధులు. 1993 జనవరి 1న, కొత్త సంవత్సరం మొదలైన నిమిషాల్లోనే అక్కడ జనం ఒకరి మీద ఒకరు పడి 21 మంది చనిపోయారు. న్యాయమూర్తి కెమాల్ బొఖారీ విచారణ జరిపారు. అప్పటినుంచి అక్కడి పోలీసులు హాలోవీన్‌కు ఎవరి అర్జీ కోసమూ చూడరు. జనం వస్తారని తెలుసు కాబట్టి వీధులు మూస్తారు, నడకను ఒకే వైపుకి మళ్లిస్తారు, నిండగానే పైనుంచి రాకను ఆపుతారు. పండుగకు యజమాని లేకపోయినా వీధికి బాధ్యుడు ఉండవచ్చని ముప్ఫయ్యేళ్లుగా ఆ కొండవీధి చూపిస్తోంది.

అదే పోలీసులు 2019లో ఇంకో ముఖం చూపించారు. నిరసనల్లో మాస్కులు ధరించడాన్ని ఆ అక్టోబరులోనే ప్రభుత్వం నిషేధించింది. హాలోవీన్ రాత్రి వేలమంది మాస్కులతోనే సెంట్రల్ ప్రాంతానికి నడిచారు. ఆ రాత్రి బాష్పవాయువు పేలింది. గుంపును ఒడుపుగా నడిపించడం తెలిసిన యంత్రాంగానికే గుంపును చెదరగొట్టడమూ తెలుసు. ఏది చేయాలన్నది నైపుణ్యాన్ని బట్టి ఉండదు, కుర్రవాళ్లను ఏ దృష్టితో చూస్తున్నారన్న దాన్ని బట్టి ఉంటుంది.

ఈ అక్టోబరులో అక్కడ ఉంటే

ఇటావాన్ తర్వాత కొరియా కుర్రకారు ఇళ్లలో కూర్చోలేదు. కొందరు హోంగ్‌డేకి, సొంగ్సుకి మళ్లారు. మరికొందరు వేషం మానేసి ఆ సందులో పూలు పెట్టి వెళ్తున్నారు. సియోల్ నగరపాలక సంస్థ ముఖ్యమైన ప్రాంతాల రద్దీని ఎప్పటికప్పుడు నెట్‌లో చూపిస్తోంది. సాంద్రత లెక్కించే కెమెరాలు పెట్టారు. గుంపు మరీ పెరిగితే రైలు ఆ స్టేషనులో ఆగకుండా వెళ్లిపోతుంది. 2022లో ఆగకుండా ఉండాల్సిన రైలు అది.

టోక్యో, సియోల్, హాంకాంగ్‌లలో చదువుకునే, పనిచేసే తెలుగు పిల్లలు ఇప్పుడు చాలామందే. వాళ్లకోసం, ఇక్కడ పుష్కరాలకూ దర్శనాలకూ సినిమా హాళ్లకూ వెళ్లేవాళ్లకోసం కూడా, గుంపు శాస్త్రం చెప్పే నాలుగు మాటలు. చుట్టూ ఉన్నవాళ్లు రెండువైపులా భుజాలకు తగులుతుంటే అప్పుడే బయటపడండి, ఇంకాసేపు చూద్దామనుకోవద్దు. చేతులు కిందికి వేలాడనివ్వకండి, ఛాతీ ముందు మడిచి ఊపిరికి రెండంగుళాల చోటు కాపాడుకోండి. నెట్టుడుకు ఎదురు నెట్టకండి. అల ఆగిన క్షణంలో ఏటవాలుగా అంచువైపు కదలండి, గోడకు మాత్రం ఆనకండి. ఫోను పడిపోతే వంగకండి. ఎవరైనా పడితే చుట్టుపక్కల నలుగురూ కలిసి వెంటనే లేపండి. పోలీసుల నంబరు కొరియాలో 112, జపాన్‌లో 110. అంబులెన్సుకు రెండు దేశాల్లోనూ 119. భాష రాకపోయినా స్టేషను పేరు, ఎగ్జిట్ నంబరు చెప్పండి. ఆ రెండు ముక్కలు చాలు, మీరెక్కడున్నారో వాళ్లకు తెలుస్తుంది.